కొండాపురం కాస్తా ‘కడపర’ అయింది

పోయిన వారం పాస్‌వర్డ్‌ల గురించి రాస్తే చాలామంది ఒకటే అడిగారు. ‘స్పెషల్ క్యారెక్టర్ ఒకటి తప్పనిసరిగా ఉండాలి’ అంటారు కదా, ఏది స్పెషలో ఏది మామూలో ఎవరు తేలుస్తారు అని. మంచి ప్రశ్న. దీనికి జవాబు నాకు కాలేజీలో దొరకలేదు. మా చిన్నాయన షాపు ప్రకటనలో దొరికింది. తప్పు నాదే కాబట్టి దాచకుండా చెప్తాను.

ముందు ఈ ముక్క చదవండి.

‘తళలపరదదటర మటర వడగ షప కడపరనక మరద 75 హచప వరక ఒకక రజల చటటసత’

ఏమన్నా అర్థమైందా? 2021 మార్చిలో, ఎండలు ముదురుతున్న టైములో, ఈ ముక్క తొమ్మిది రోజులు జనం ఫోన్లలో తిరిగింది. దానికి మా చిన్నాయన మూడు వేలు కట్టాడు.

చిన్నాయనది మోటారు వైండింగ్ షాపు. బోరు మోటారు కాలిపోతే పాత రాగి తీగ తీసేసి కొత్తది చుట్టే పని. ఇరవై ఏళ్లకు పైగా తాళ్లప్రొద్దుటూరులో చేశాడు. ప్రొద్దుటూరు వేరు, ఇది వేరు. కడప జిల్లా కొండాపురం మండలంలో ఉన్న ఊరు. ఉన్న కాదు, ఉండిన ఊరు. పెన్నా మీద కట్టిన గండికోట రిజర్వాయరులో 2020లో నీళ్లు పెంచినప్పుడు మునిగిన ఊళ్లలో అదొకటి. జనం తలా ఒక దిక్కు వెళ్లారు. మా బంధువుల్లోనే కొందరు జమ్మలమడుగు పోయారు, కొందరు ప్రొద్దుటూరు పోయారు. చిన్నాయన కొండాపురంలో ఒక రేకుల గది బాడుగకు తీసుకుని షాపు పెట్టుకున్నాడు.

షాపైతే మారింది గానీ, మారిన సంగతి గిరాకీకి తెలియాలి కదా. మోటారు కాలిపోయిన రైతు నాలుగు చోట్ల విచారించే పరిస్థితిలో ఉండడు. చేలో పైరు ఎండుతుంటుంది. దగ్గర్లో ఎవడు కనిపిస్తే వాడి దగ్గర దించేసి పోతాడు. అందుకే చిన్నాయన నాకు ఫోన్ చేశాడు. నేనప్పుడు బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. చిన్న చిన్న షాపులవాళ్ల ప్రకటనలు తీసుకుని, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ల ఫోన్లలో కనిపించేలా చేయడం మా పని. ‘పేరు మాత్రం తాళ్లప్రొద్దుటూరు అనే పెట్టు రా అబ్బీ. ఊరు పోయినా ఆ పేరు చూస్తే మనోళ్లు గుర్తుపడతారు’ అన్నాడు. ఫోన్లో మా ఫారం లింకు పంపించాను. రాసుకున్నాడు, డబ్బు కట్టాడు. నేను మళ్లీ చూడలేదు. మన కంపెనీయే కదా అనుకున్నాను.

తొమ్మిదో రోజు మా చెల్లెలు, చిన్నాయన కూతురు, ఒక స్క్రీన్‌షాట్ పంపింది. కింద ఒకటే లైను: ‘అన్నా, ఇది ఏ భాష?’

చూడగానే నాకు తోచింది ఎన్‌కోడింగ్ గొడవ అని. మీకూ ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటుంది. తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ ‘ఏ’ నెత్తిన ఒక ఏటవాలు గీత, పక్కన ఉష్ణోగ్రతకు పెట్టే చిన్న సున్నా, మళ్లీ అదే ‘ఏ’, పక్కన ప్లస్ కింద మైనస్ ఉండే గుర్తు... ఇలా వరసగా వస్తాయి. కథేంటంటే, యూనికోడ్‌లో తెలుగుకు 128 గడులున్న ఒక పేట ఉంది. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఆ పేటలోని ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. మొదటి బైటు అన్నిటికీ ఒకటే. రెండో బైటు రెండు రకాలే. ఆ బైట్లను పాత పాశ్చాత్య పద్ధతిలో చదివే ప్రోగ్రాముకు మొదటిది గీత పెట్టిన ‘ఏ’లాగా, రెండోది డిగ్రీ గుర్తులాగానో ప్లస్-మైనస్‌లాగానో కనిపిస్తుంది. హల్లులన్నీ డిగ్రీ వైపు, పొల్లూ చాలా గుణింతాలూ ప్లస్-మైనస్ వైపు. కాబట్టి అలాంటి గజిబిజి కనిపిస్తే భయపడక్కర్లేదు. లోపల తెలుగు క్షేమంగా ఉందనే అర్థం. చదివేవాడు తప్పు కళ్లద్దాలు పెట్టుకున్నాడు, అంతే. మార్చి పెడితే అక్షరం పొల్లు పోకుండా తిరిగొస్తుంది.

ఈ యూటీఎఫ్-8ను 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనం చేస్తూ, పళ్లెం కింద పరిచే కాగితం మీద గీసి తయారు చేశారు. మనం టిఫిన్ కాగితం మీద చీటీల లెక్క వేసుకున్నట్టు. ఇవాళ వెబ్ దాదాపు అంతా దాని మీదే నడుస్తోంది.

కానీ చిన్నాయన ప్రకటనలో డిగ్రీలు లేవు, ప్లస్-మైనస్‌లు లేవు. ఉన్నవన్నీ శుభ్రమైన తెలుగు అక్షరాలే. కాకపోతే అన్నీ ‘అ’కారాంతాలు. ఒకటో తరగతి పిల్లాడు గుణింతం నేర్చుకోకముందు రాసినట్టు. అంటే బైట్లు తప్పు చదవడం కాదు, గుర్తులు నిజంగానే మాయమయ్యాయి.

ఎవరు తీసేశారు?

సిస్టమ్ తెరిచి మిగతా తెలుగు ప్రకటనలు చూశాను. ‘పలవదల’ అని ఒకటి. పులివెందుల. ‘జమమలమడగ’ అని ఇంకొకటి. ఒకదాంట్లో ‘కడప జలల’ అని ఉంది. జిల్లా పేరు ఒక్కటే చెక్కుచెదరలేదు. కడపలో గుణింతమూ లేదు, ఒత్తూ లేదు, పోవడానికేముంది? అప్పటికి నాకు నవ్వు రాలేదు గానీ, కొండాపురం అనే మాటలోంచి ఒత్వం, సున్న, దీర్ఘం, కొమ్ము, మళ్లీ సున్న తీసేస్తే ‘కడపర’ మిగలడం తర్వాత తలుచుకుంటే నవ్వొచ్చింది. ఊరు పోయి జిల్లా మిగిలింది.

అసలు సూత్రం దొరికింది ఒక ఫంక్షన్ హాలువాళ్ల ప్రకటనలో. ‘కళయణ మ౦డప౦’ అని ఉంది. చిన్నాయన సున్నలు ఎగిరిపోయాయి, వీళ్ల సున్నలు రెండూ ఉన్నాయి. అదెట్లా? గంట సేపు తల గోక్కున్నాక అర్థమైంది. వాళ్లు టైప్ చేసింది సున్న కాదు, తెలుగు అంకె సున్నా. మన పాత అంకెలు ౧, ౨, ౩ ఉంటాయి చూడండి, వాటిలో ౦. కంటికి రెండూ ఒకటే. కంప్యూటరుకు ఒకటి అక్షరానికి తగిలించే గుర్తు, రెండోది అంకె. అంకెను వదిలేసి గుర్తును తీసేసే కోడు ఎక్కడో ఉంది.

ఉంది. ఆరు నెలల ముందు నేనే రాశాను.

అప్పట్లో ప్రకటనలిచ్చేవాళ్లు హెడ్‌లైన్ నిండా నక్షత్రాలు, బాణాలు, పది పది ఆశ్చర్యార్థకాలు పెట్టేవాళ్లు. ‘స్పెషల్ క్యారెక్టర్లు తీసేసే ఫిల్టరు ఒకటి రాయి’ అన్నారు. పైథాన్‌లో ఒకే ఒక్క లైను. ‘అక్షరం, అంకె, ఖాళీ తప్ప మిగతావన్నీ తీసెయ్’ అని దానర్థం. అక్షరమో కాదో చెప్పడానికి బ్యాక్‌స్లాష్ పక్కన డబ్ల్యూ పెడతాం. కోడు రాసే ప్రతివాడూ మొదటి ఏడాదే నేర్చుకునే గుర్తు. ఇక్కడే మతలబు. యూనికోడ్‌లో క, గ, అ, ఇ అనేవి ‘అక్షరాలు’ అనే జాతి. తలకట్టు తీసేసి తగిలించే గుణింతాలు, పొల్లు, సున్న, విసర్గ ఇవన్నీ ‘మార్కులు’ అనే వేరే జాతి. పైథాన్‌లోని ఆ డబ్ల్యూకు మార్కులు అక్షరాల కిందకి రావు. నక్షత్రం ఎట్లాగో, కొమ్మూ అట్లాగే. నా ఫిల్టరుకు ‘కొ’లో ఉన్న ఒత్వం ఒక స్పెషల్ క్యారెక్టర్. చెత్త.

చిన్నాయన ప్రకటన మొదటి వాక్యం లెక్కపెట్టాను. ‘తాళ్లప్రొద్దుటూరు మోటారు వైండింగ్ షాపు కొండాపురానికి మారింది.’ ఖాళీలు కాకుండా 55 గుర్తులు. నా ఫిల్టరు వాటిలో 29 పీకేసింది. సగానికి పైన.

ఇదే జావాస్క్రిప్ట్‌లో రాసుంటే ఒక రకంగా బాగుండేది. అక్కడి డబ్ల్యూకు ఇంగ్లిష్ తప్ప ఏదీ అక్షరం కాదు. తెలుగు మొత్తం ఎగిరిపోయి ఖాళీ డబ్బా కనిపించేది, ఆ పొద్దే పట్టుకునేవాళ్లం. పైథాన్ సగం తెలుగు తెలిసినది కాబట్టి సగం మిగిల్చింది. సగం తెలిసినవాడితోనే ఎప్పుడూ తంటా.

మరి టెస్టు చేయలేదా అంటే, చేశాను. ఇంగ్లిష్‌లో పది వాక్యాలు. పేరుకు ఒక హిందీ వాక్యం. హిందీకీ ఇదే గతి పట్టింది, అక్కడా మాత్రలు పోయాయి. కానీ నా టెస్టు చూసేది రెండే: నక్షత్రాలు పోయాయా, ఏదో ఒకటి మిగిలిందా. రెంటికీ ‘అవును’ వచ్చింది. పచ్చ టిక్కు పడింది. తెలుగు నా మాతృభాష, నా టీములో తెలుగువాణ్ని నేనొక్కణ్నే. నేను టెస్టు చేసింది మాత్రం ఇంగ్లిష్‌లో. ఆఫీసు పని అనగానే బుర్ర ఇంగ్లిష్‌లోకి పోతుంది, ఏం చేస్తాం.

ఇక 75 సంగతి. చిన్నాయన రాసింది 7.5 హెచ్‌పీ. మధ్యలో చుక్క కూడా నా ఫిల్టరుకు చెత్తే. బోర్లకు వాడే మోటార్లలో ఏడున్నర మామూలు. డెబ్బై అయిదు అంటే ఊరికంతటికీ నీళ్లు తోడేది. ఆ తొమ్మిది రోజుల్లో ప్రకటన చూసి వచ్చిన ఫోను ఒక్కటే. తాడిపత్రి వైపు నుంచి ఎవరో, ‘ఏం సామీ, డెబ్బై అయిదు హెచ్‌పీ గూడా ఒక్క దినంలో చుడతారంటనే?’ అని ఎగతాళిగా అడిగాడట.

ఫోన్ చేశాను. నాకు కోపం కూడా వచ్చింది నిజానికి, చిన్నాయన మీద. తొమ్మిది రోజులు ఎందుకు చెప్పలేదని. ఆయన తటపటాయించి అన్నాడు: ‘నువ్వేమనుకోవాకు రా అబ్బీ. పేపర్లో క్లాసిఫైడ్ ఇస్తే లైనుకింత అని తీసుకుంటారు గదా. దుడ్లు తక్కువ కట్టినానని అచ్చరాలు గూడా తక్కువేసినారేమో అనుకుంటి. మళ్లీ మనోడి కంపెనీ, అడిగితే నీకు మాట వస్తాదేమోనని...’

నాకు నోట మాట రాలేదు. చిన్నమ్మ పక్కనుంచి ఫోను తీసుకుని ఇంకో సంగతి చెప్పింది. ఎప్పట్నుంచో చిన్నాయన దగ్గరికే వచ్చే ఒక పెద్దాయన, తాళ్లప్రొద్దుటూరాయనే, షాపు మూతపడిందనుకుని ఆ వారమే తాడిపత్రిలో రెండు మోటార్లు దించి వచ్చాడట. ఊరు నీళ్లల్లోకి పోయాక చిన్నాయన వాళ్లు కూడా ఎటో పోయుంటారులే అనుకున్నాడట.

ఫిల్టరు బాగు చేయడం పది నిమిషాల పని. అక్షరాలతోపాటు మార్కులనూ వదిలెయ్ అని చెప్పాలి. ఇప్పటి జావాస్క్రిప్ట్‌లోనూ దానికి వీలుంది, 2018 ప్రమాణం నుంచి. అసలు నొప్పి వేరే ఉంది. నా ఫిల్టరు ప్రకటనను చూపించేటప్పుడు కాదు, దాచుకునేటప్పుడే శుభ్రం చేసేది. అంటే వాళ్లు రాసిన అసలు మాటలు మా దగ్గర లేనే లేవు. గీత పెట్టిన ‘ఏ’ల గజిబిజి అయితే వెనక్కి తిప్పొచ్చని చెప్పాను కదా, ఇది తిరగదు. ‘కర’ అని ఉంది. కారా, కూరా, కారమా? ‘పల’ అని ఉంది. పాలా, పూలా? మూడు మాటలూ ఒకే గోతిలో పడ్డాక ఏది ఏదో దేవుడికే తెలియాలి.

తెలుగులో ప్రకటనలిచ్చినవాళ్లు 31 మంది తేలారు. వాళ్ల ఫోన్ నంబర్లు బాగానే ఉన్నాయి, అంకెలు కాబట్టి. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ‘మేడమ్, మీరు ప్రకటనలో ఏం రాశారో మళ్లీ ఒకసారి చెప్తారా?’ కొందరు తిట్టారు. కొందరికి ప్రకటన ఇచ్చిన సంగతే గుర్తులేదు. పులివెందుల దగ్గర చీనీ మొక్కల నర్సరీ ఆయన మాత్రం, ‘చన అటల ఏందా అని మేమూ అనుకుంటిమి’ అని పకపకా నవ్వాడు. చీనీ అంట్లు. ఒకావిడ ఎంబ్రాయిడరీ క్లాసులకు ప్రకటన ఇచ్చి, ఎవరూ చేరకపోయేసరికి తనకు పని రాదని జనం అనుకుంటున్నారేమో అని బాధపడిందట. ఆ మాట విన్నాక ఆ పూట ఇంకెవరికీ ఫోన్ చేయలేకపోయాను. కంపెనీ అందరికీ డబ్బు వాపసు ఇచ్చింది. ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం.

ఫిల్టరు బాగయ్యాక చిన్నాయన ప్రకటన మళ్లీ వేశాం. మళ్లీ ఒక తేడా. ‘హెచ్‌పీ’ బదులు చ కింద ప ఒత్తు వేలాడుతూ ‘హెచ్పీ’ అని వచ్చింది. కారణం, పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. ‘ఈ రెండూ కలపొద్దు’ అని చెప్పడమే దాని పని. మీ ఫోన్ కీబోర్డు సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ లాంటి మాటలు రాసేటప్పుడు తనంతట తనే దాన్ని పెడుతుంది. అది అక్షరమూ కాదు, మార్కూ కాదు, మూడో జాతి. దాన్నీ వదలమని చెప్పాలి.

ఈ కనపడని గుర్తుకు ఒక పెద్ద చరిత్ర ఉంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన ‘తెలుగు అక్షరం’ గుర్తుందా? ‘జ్ఞా’ మధ్యలో, ఞ ఒత్తుకూ దీర్ఘానికీ నడుమ, ఈ గుర్తు పడితే చాలు. ఆ మెసేజ్ వచ్చిన ఐఫోన్‌లో యాప్ మూతపడేది, నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే మొరాయించేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అప్పుడు ప్రపంచమంతా ‘తెలుగు అక్షరంతో ఐఫోన్ ఢమాల్’ అని రాసింది. అక్షరానిది కాదు తప్పు, దాన్ని గీయాల్సిన ప్రోగ్రాముది. మామూలుగా టైప్ చేసిన జ్ఞానంతో, జ్ఞాపకంతో ఏ ఫోనూ పోలేదు. తమాషా ఏమిటంటే, సరిగ్గా దానికి ముందు నెలలోనే, 2018 జనవరిలో, గూగుల్ తన ప్రకటనల వేదికలు యాడ్‌వర్డ్స్, యాడ్‌సెన్స్‌లలో తెలుగుకు చోటిచ్చింది. అంతకుముందు తెలుగులో ఎవరెంత రాసినా ఆ వేదికల లెక్కలో అది భాషే కాదు. అంటే ఆన్‌లైన్ ప్రకటనల్లో తెలుగు నిన్నమొన్నటి సంగతి. నాలాంటివాళ్ల ఫిల్టర్లు అంతకంటే పాత అలవాటుతో రాసినవి.

ప్రకటన సరిగ్గా పడ్డాక చిన్నాయన పాత గిరాకీ నంబర్లకు ఎస్సెమ్మెస్ కూడా పంపుదామన్నాడు. నోటు బుక్కులో రాసిపెట్టుకున్న నంబర్లున్నాయి. అందరి దగ్గరా స్మార్ట్‌ఫోను లేదు కదా. ఎస్సెమ్మెస్‌లో మోసేది 140 బైట్లే. ఇంగ్లిష్ అయితే కుక్కి కుక్కి 160 అక్షరాలు పట్టిస్తారు. ఒక్క తెలుగు గుర్తు పడిందా, మెసేజ్ మొత్తం పద్ధతి మారి 70కి దిగుతుంది. దాటితే రెండో మెసేజ్ లెక్క, రెండో మెసేజ్ డబ్బు. మన రూపాయి గుర్తు కూడా ఆ పాత పట్టికలో లేదు. 2010లో వచ్చిన గుర్తు కదా. కాబట్టి పూర్తి ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క ₹ పెట్టినా 160 కాస్తా 70 అవుతుంది. రూపాయలను ‘ఆర్ఎస్’ అని రాస్తే ఆ బాధ లేదు.

చిన్నాయన వాక్యం, ఖాళీలతో కలిపి, సరిగ్గా 60. ఒక ఖాళీ, పది అంకెల ఫోన్ నంబరు. మొత్తం 71! ఒక్క గుర్తు ఎక్కువ. ఇద్దరం ఫోన్లో అరగంట కుస్తీ పట్టాం. నేను ‘తాళ్లప్రొద్దుటూరు’ అక్కడే 17 తింటోంది, ‘టి.ప్రొద్దుటూరు’ అందామా అన్నాను. ‘ఆ పేరు ముట్టుకోవాకు’ అన్నాడు. చివరికి ‘మోటారు’ను ‘మోటర్’ చేశాం. సరిగ్గా 70. ‘మనం పలికేది గూడా మోటరే గదా’ అని ఆయనే సర్దుకున్నాడు.

ఇదే లెక్క వెబ్ లింకుల్లో ఇంకా విడ్డూరంగా ఉంటుంది. ‘కొండాపురం’ మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌కు 9 గుర్తులు. యూటీఎఫ్-8లో 27 బైట్లు. లింకులో పెడితే ఒక్కో బైటూ పర్సెంటు గుర్తుతో మూడు అక్షరాలయి 81కి పెరుగుతుంది. తెలుగు లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే బారెడు పొడుగు పర్సెంటుల తోక వచ్చేది అందుకే. అది వైరస్సేమో అని మా అమ్మ చాలా రోజులు నొక్కేది కాదు. ప్రకటనలో ‘నొక్కగానే వాట్సాప్ తెరుచుకోవాలి, అందులో మెసేజ్ రెడీగా ఉండాలి’ అని లింకు పెట్టేవాళ్లకు ఒక మాట: ఆ మెసేజ్‌లో ‘మోటర్లు & స్టార్టర్లు’ అని ఉంటే, & గుర్తును కూడా అట్లా పర్సెంటులోకి మార్చకపోతే, అక్కడితో మెసేజ్ తెగిపోతుంది. లింకు భాషలో ఆ గుర్తుకు ‘ఇక్కడితో ఇది అయిపోయింది, ఇంకోటి మొదలు’ అని అర్థం. ప్లస్ గుర్తుకు ఖాళీ అని అర్థం.

ఎమోజీది ఇంకో గొడవ. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో ‘యూటీఎఫ్-8’ అని పేరు పెట్టుకున్న పాత పద్ధతి గుర్తుకు మూడు బైట్ల దాకానే మోస్తుంది. తెలుగు మూడుతో సరిపోతుంది కాబట్టి బతికిపోయింది. ఎమోజీకి నాలుగు కావాలి. పాత సెట్టింగుల్లో అయితే ఎమోజీ దగ్గర మొదలుపెట్టి ఆ తర్వాత ఉన్నదంతా నరికేసేది. మంట బొమ్మ పెట్టి ‘ఆఫర్’ అని రాస్తే, మంట దగ్గర్నుంచి ఆఫర్‌తో సహా మటాష్. మీ పాత యాప్‌లో పోస్టు మధ్యలో తెగిపోతే ముందు ఎమోజీని అనుమానించండి.

ప్రొద్దుటూరులో చిన్నాయన ఫ్లెక్సీ వేయించిన డీటీపీ షాపు కుర్రాడు అడిగాడు, ‘అన్నా, నేను చేసిన ఫ్లెక్సీలో ఒక్క అక్షరం తేడా రాలేదు, మీ ఇంజినీర్ల దగ్గరే ఎందుకు వస్తాది?’ అని. న్యాయమైన ప్రశ్న. వాళ్లు వాడేది అను ఫాంట్లు. అక్కడ లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల నంబర్లే, వాటి మీద తెలుగు బొమ్మలు అంటించారు. కాగితం మీద, ఫ్లెక్సీ మీద అద్భుతంగా ఉంటుంది. అదే మ్యాటరు కాపీ చేసి ఫోన్లో పెడితే బొమ్మలు ఊడిపోయి కింద ఉన్న పిచ్చి ఇంగ్లిష్ బయటపడుతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, అవి వాడాలి. మార్చాక కూడా ఒకసారి కళ్లతో చదువుకోవాలి.

చిన్న ఇబ్బంది ఇంకొకటి, ఇది ‘వైండింగ్’ లాంటి మాటలతో. ‘వై’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వమూ కింది కొసా విడివిడిగా. రెండూ కంటికి ఒకటే. ప్రకటనలో ఒకటి, వెతికేవాడి మాటలో ఇంకొకటి ఉంటే కంప్యూటరు రెండూ వేరనుకుంటుంది. దాచే ముందు రెంటినీ ఒకే రూపానికి తెచ్చే ఆజ్ఞ చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో ఉంది. ఇదీ నాకు ఆ వారమే తెలిసింది. ఒక తప్పు వెతుకుతూ పోతే పక్కన నాలుగు బయటపడ్డాయి.

ఆ ఉగాదికి ఇంటికి పోతూ ఎర్రగుంట్లలో బస్సు మారాను. ఆ మండలంలోనే కలమళ్ల ఉంది. 575 నాటి తెలుగు శాసనం, రేనాటి చోళుల కాలంది, అక్కడిదే. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో ముందు దాని పేరే చెప్తారు. రాతి మీద ఉలితో చెక్కినాయన గుణింతం ఒక్కటి వదలకుండా చెక్కి ఉంటాడు, నేను కీబోర్డు మీద ఒక్క లైనుతో 29 ఎగరగొట్టాను అనుకుంటూ కొండాపురం బస్సెక్కాను.

షాపులో చిన్నాయన కాయిల్ చుడుతున్నాడు. గోడకు ఆనించి ఏడెనిమిది మోటార్లు. పెద్దాయన తాడిపత్రిలో దించిన రెంటిలో ఒకటి మళ్లీ పోయిందట, అది ఈసారి ఇక్కడికే వచ్చింది. నేను ల్యాప్‌టాప్ తీసి, మా టెస్టుల జాబితాలో కొత్తగా చేర్చిన మొదటి వాక్యం చూపించాను. ‘తాళ్లప్రొద్దుటూరు మోటారు వైండింగ్ షాపు కొండాపురానికి మారింది.’ ఎవరు ఆ కోడు ముట్టుకున్నా ముందు ఈ వాక్యం అక్షరం పోకుండా బయటికి రావాలి, లేకపోతే ఎర్ర గుర్తు పడుతుందని చెప్పాను.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. ‘ఏడున్నర హెచ్‌పీ రాయలేదే?’ అన్నాడు.

అదీ చేర్చాను, చుక్కతో సహా.